ఎముక వచ్చేదాకా

మా ఇంట్లో మందుల డబ్బాలో, పాత థర్మామీటరు పక్కన ఒక తెల్ల గుండీ ఉంది. చూడ్డానికి మామూలు చొక్కా గుండీలాగే ఉంటుంది. అది ఆరు వారాలపాటు మావాడి అరికాలికి అంటుకుని ఉంది. చర్మానికి ఆనించి మందపాటి ఫెల్టు ముక్క, దాని మీద గుండీ, గుండీ చిల్లుల్లో ముడేసిన దారం. ఆ దారం పాదం లోపలికి వెళ్లి, ఒక చిన్న ఎముకకు పెట్టిన తూటులోంచి దూరి, చోటు మార్చిన ఒక టెండన్‌ని కిందికి లాగి పట్టుకునుంది. కట్టు విప్పిన రోజు డాక్టరుగారు దారం కత్తిరించి గుండీని బుట్టలో పడెయ్యబోతే, మావాడు "అది నాది" అన్నాడు. అప్పుడు వాడికి మూడేళ్ల మూణ్ణెల్లు. ఎదురు చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

(టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. స్కూల్లో స్నాయువు అని చదువుకున్నాం, ఇంట్లో నరం అంటాం, ఆసుపత్రిలో ఎవరూ ఈ రెండూ అనరు. నేనూ టెండన్ అనే రాస్తాను.)

వాడు 2017 డిసెంబరులో బెంగళూరులో పుట్టాడు. కుడి మడమ పైకి లాక్కుపోయి, పాదం లోపలికి తిరిగి, అరికాలు రెండో కాలిని చూస్తూ ఉంది. నర్సు టవల్ తీసి చూపించి "క్లబ్‌ఫుట్ సార్, ట్రీట్‌మెంట్ ఉంది" అని ఒకే ఊపిరిలో చెప్పింది. మొదటి మాట వినగానే మేం ఆగిపోతామని, రెండోది వినిపించుకోమని ఆమెకు అనుభవం మీద తెలిసి ఉంటుంది. దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుందట. మగపిల్లల్లో రెట్టింపు ఎక్కువ. చాలామందిలో కారణం ఇదీ అని చెప్పలేరు.

కారణం తెలీదంటే మా వాళ్లు ఊరుకోరు కదా. చిత్తూరు నుంచి మా అమ్మ దిగింది. దిగిన రెండో రోజు, నా భార్య నిద్రపోతోందనుకుని, "గ్రహణం నాడు ఏమైనా కోసిందేమో అడిగినావా?" అంది నాతో. ఆ ఏడాది ఆగస్టు 7న చంద్రగ్రహణం ఉన్న మాట నిజమే. ఆ రాత్రి నా భార్య అమెరికా వాళ్లతో కాల్‌లో ఉంది. కోసిందేమన్నా ఉంటే క్లయింటుకు మేం ఇస్తామన్న ఫీచర్లను కోసింది. ఈ జోకు నేను అప్పుడు వెయ్యలేదు. అసలేమీ మాట్లాడలేదు. ఆమె నిద్రపోవడం లేదని ఏడాది తర్వాత తెలిసింది.

అమ్మ రెండో సలహా పుత్తూరు కట్టు. మా వైపు చెయ్యి విరిగినా కాలు బెణికినా మొదట గుర్తొచ్చేది అదే. "లేత ఎముకలు నాయనా, ఇప్పుడైతేనే మాట వింటాయి. మొక్కై వంగనిది మానై వంగునా" అంది. గ్రహణం సంగతి ఎలా ఉన్నా ఈ మాటలో అమ్మ తప్పు లేదు. ఆర్థోపెడిక్స్ అనే మాటను 1741లో పుట్టించిన ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ కూడా ఇదే అన్నాడు. తిన్నగా, బిడ్డ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఆ పేరు పెట్టాడు. ఆయన పుస్తకంలో గుంజకు తాడుతో కట్టిన వంకర చెట్టు బొమ్మ ఉంటుంది. ప్రపంచంలో సగం ఎముకల ఆసుపత్రుల గుర్తు ఈరోజుకీ అదే. మా ఆసుపత్రి గేటు మీదా ఉంది. అమ్మకు చూపించాను. "నేను చెప్పిందే గదా" అంది.

కట్టు కట్టించాం, కాకపోతే పొన్‌సెటి పద్ధతిలో. ఇగ్నాసియో పొన్‌సెటి 1914లో మినోర్కా ద్వీపంలో, గడియారాలు బాగుచేసే ఇంట్లో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షాన డాక్టరుగా పనిచేసి, సరిహద్దు దాటి, మెక్సికో మీదుగా 1941లో అమెరికాలోని ఐయోవా చేరాడు. క్లబ్‌ఫుట్‌ని కోసి సరిచేసిన పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పెట్టడం అక్కడ చూశాడు. 1940ల చివర్లో కత్తి పక్కన పెట్టి చేతుల్తో మొదలుపెట్టాడు. వారానికోసారి పాదాన్ని మెత్తగా కొంచెం తిప్పడం, తిప్పినచోట ప్లాస్టర్ వెయ్యడం, మళ్లీ వారం విప్పి ఇంకొంచెం తిప్పడం. ఐదారు కట్లు. చివర్లో చాలామందికి మడమ వెనక టెండన్‌ని చిన్న గాటుతో తెంపుతారు, మూడు వారాల్లో అది మళ్లీ అతుక్కుని పెరుగుతుంది. ఈ పద్ధతి మీద 1963లో పేపరు రాస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1996లో ఆయన పుస్తకం వచ్చాక, పిల్లల తల్లిదండ్రులు ఇంటర్నెట్లో ఒకరికొకరు చెప్పుకున్నాక, అప్పటికి ఎనభై దాటిన ఆయన్ని ప్రపంచం కనిపెట్టింది. 2009లో పోయాడు.

మూడో కట్టు రోజు అమ్మ మాతో వచ్చి, డాక్టరుగారి చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆయన బొటనవేలితో చీలమండ ముందున్న ఎముకను కదలకుండా నొక్కిపట్టి, రెండో చేత్తో పాదం ముందుభాగాన్ని బయటికి తిప్పుతున్నాడు. ఒకచోట పట్టు, ఇంకోచోట లాగు. బయటికొచ్చాక అమ్మ "కృష్ణుడు కుబ్జకు చేసినట్టే చేస్తాండాడు" అంది. భాగవతంలో కృష్ణుడు ఆమె పాదాలను తన పాదంతో అదిమిపట్టి, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి పైకెత్తి వంకర సరిచేస్తాడు. ఇన్నేళ్లుగా ఆ కథ వింటున్నా, అందులో పాదాలు తొక్కిపట్టడం ఎందుకో నాకు తట్టలేదు. పట్టు లేకపోతే మొత్తం మనిషి పైకి లేస్తుంది, వంకర వంకరగానే ఉంటుంది.

రెండున్నర నెలలకు పాదం తిన్నగా వచ్చింది. ఏడ్చాం, స్వీట్లు పంచాం. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుందని డాక్టరుగారు చెప్తూనే ఉన్నారు. రెండు బూట్ల మధ్య ఒక కడ్డీ ఉండే బ్రేస్. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు. పాదం ఏ కారణంతో లోపలికి తిరిగిందో ఆ కారణం ఇంకా ఒంట్లోనే ఉంటుంది, అది తిరగబెట్టకుండా ఈ కడ్డీ కాపలా.

ఇక్కడ చెప్పాల్సింది చెప్పేస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మే నాటికి మావాడి పాదాలు బూట్లు దాటి పెరిగాయి. బ్రేస్‌లు చేసే షాపు మూసేశారు. అంతవరకు ఎవరి తప్పూ లేదు. జూన్‌లో షాపు తెరిచారు. కొత్త బూట్లు తెచ్చాం. నెలన్నర స్వేచ్ఛ రుచి చూసినవాడు ఒప్పుకుంటాడా? రాత్రంతా ఏడుపు. బ్రేస్ తొడిగేది నా భార్య, అర్ధరాత్రి దొంగతనంగా విప్పేది నేను. "ఒక్క రాత్రికి ఏమవుతుందిలే" అని. పొద్దున ఆమె లేచేలోపు మళ్లీ తొడిగేవాణ్ణి. తిరగబెట్టడానికి అన్నిటికంటే పెద్ద కారణం బ్రేస్ సరిగ్గా వాడకపోవడమేనని పొన్‌సెటి రాసిందీ, మా డాక్టరుగారు చెప్పిందీ నాకు బాగా తెలుసు. చదవకుండా తప్పు చేసినవాణ్ణి కాదు.

సెప్టెంబరులో ఒక ఉదయం వాడు స్నానం చేసి తడి కాళ్లతో హాల్లోకి పరిగెత్తాడు. గచ్చు మీద ఎడమ పాదం ముద్ర నిండుగా పడింది. కుడిది బయటి అంచు మాత్రమే పడింది, నెలవంకలా. నేను మాపు తెచ్చి తుడిచేశాను. మర్నాడూ తుడిచాను. మూడో రోజు ఆమే చూసింది.

డాక్టరుగారిది అనంతపురం కాబట్టి మా సంభాషణలన్నీ తెలుగులోనే. వాణ్ణి అటూ ఇటూ నడిపించి చూశారు. మోకాలి కింద ముందువైపు టిబియాలిస్ యాంటీరియర్ అనే కండరం ఉంటుంది. దాని టెండన్ కిందికి దిగి పాదం లోపలి అంచున, బొటనవేలి వైపు ఎముకకు అతుక్కుంటుంది. పాదం పైకెత్తేది ముఖ్యంగా అదే. తిరగబెట్టిన క్లబ్‌ఫుట్‌లో అది పాదాన్ని ఎత్తడంతోపాటు లోపలికి మెలితిప్పుతుంది. వాడు అడుగు వేసిన ప్రతిసారీ బయటి అంచు మీద పడుతున్నాడు. "మళ్లీ కట్లు వేసి తిన్నగా తెద్దాం. ఆ తర్వాత ఈ టెండన్‌ని అక్కడ్నుంచి ఊడదీసి మధ్యలోకి, మూడో క్యూనిఫామ్‌లోకి మారుద్దాం" అన్నారు.

"ఎప్పుడు?"

ఆయన ఎక్స్‌రే పెట్టి చూపించారు. చిన్నపిల్లల పాదం ఎక్స్‌రే చూడనివాళ్లకు చెప్తున్నాను, అందులో పాదం ఉండదు. చీకట్లో విడివిడిగా తేలుతున్న కొన్ని గింజలుంటాయి. మధ్యన ఖాళీ. మూడో క్యూనిఫామ్ ఎడమ పాదంలో శనగగింజంత ఉంది, కుడి పాదంలో కందిగింజంత. "ఖాళీ కాదప్పా అది. మామిడికాయ అనుకో. కాయ మొత్తం ఉంది, మెత్తగా. ఎక్స్‌రేకి టెంక ఒక్కటే కనపడతాది. ఆ టెంక పెద్దదయ్యేదాకా ఆగల్ల" అన్నారు.

ఎంతకాలం అంటే ఐదారు నెలలు అన్నారు. సాధారణంగా రెండున్నరేళ్లు దాటాక చేస్తారు, కానీ మావాడి గింజ ఆ వయసుకు చిన్నది. క్లబ్‌ఫుట్ ఉన్న పాదాల్లో ఎముకలు ఆలస్యంగా రావడం మామూలేనట. నేను నిర్ఘాంతపోయాను. పుట్టినప్పట్నుంచి ఆలస్యం విషం అని చెప్పిన మనిషే ఇప్పుడు ఆగమంటున్నాడు. మొక్కై వంగనిది అన్నారే?

ఆ ఐదు నెలలూ నేను రాత్రిళ్లు పేపర్లు చదివాను. పుస్తకాల మీద రివ్యూలు రాసుకునే అలవాటు ఉంది కదా, ప్రతి పేపర్నీ అదే కంటితో చూశాను. ఒక్క మాట మాత్రం మరిచిపోలేను: లాస్ట్ టు ఫాలో అప్. అరవై మంది పిల్లల్లో పద్దెనిమిది మంది ఆ మూడు మాటల్లోకి వెళ్లిపోతారు. బస్సు చార్జీలు లేకో, పాదం బాగుపడో, ఊరు మారో. కథకుడు ఎవడూ అలా పాత్రల్ని వదిలెయ్యలేడు. ఎముకల ఎదుగుదల పూర్తవడానికి పద్నాలుగు పదిహేనేళ్లు పట్టే చోట, చాలా పేపర్లు పిల్లల్ని చూసింది రెండేళ్లో ఐదేళ్లో. అందుకే ఐయోవా వాళ్లు 1995లో వేసిన పేపరు నాకు నవలలాగా అనిపించింది. పొన్‌సెటి దగ్గర పసికందులుగా కట్లు కట్టించుకున్నవాళ్లను ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని, నడిపించి చూశారు. వాళ్లలో టెండన్ మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది పాదాలు బాగా పనిచేస్తున్నాయి.

సాహిత్యంలో కూడా వెతికాను. బైరన్ పాదం, సోమర్సెట్ మామ్ నవలలో ఫిలిప్ కేరీ పాదం. మామ్‌కి ఉన్నది నత్తి, దాన్ని పాత్రకు క్లబ్‌ఫుట్‌గా మార్చి ఇచ్చాడంటారు. అంటే అక్కడ కూడా పాదం ఇంకో దేనికో బదులు. క్లబ్‌ఫుట్ పిల్లాడి తండ్రికి రూపకాలు అక్కర్లేదు. ఆ ఎముకలో ఏం జరుగుతుందో కావాలి.

అది నా పాత చదువులోనే దొరికింది. నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్, మా బ్యాచ్‌లో అందరిలాగే. 1860లలో జ్యూరిక్‌లో కార్ల్ కుల్‌మన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్, ఫాన్ మాయర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు తొడ ఎముకను నిలువునా కోసి గీసిన బొమ్మ చూశాడు. లోపలి సన్నటి ఎముక పోగులు వంపు తిరిగి ఉన్న తీరు, తాను క్రేన్‌లకు లెక్కగట్టే బలాల గీతల్లాగే ఉంది. దాని మీద యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకం రాశాడు. ఎముక మోసే బరువును బట్టి తన లోపలి కట్టడాన్ని మార్చుకుంటుందని. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో మాకు దూలం ఇచ్చి బరువు పెట్టమన్నారు. దూలం వంగుతుంది లేదా విరుగుతుంది. బరువును చూసి తనను తాను మళ్లీ కట్టుకునే దూలం గురించి ఎవరూ చెప్పలేదు.

పెరుగుతున్న ఎముక అయితే ఇంకో అడుగు ముందుకు పోతుంది. ఎడతెగని ఒత్తిడి పడిన వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఒత్తిడి లేని వైపు సాగుతుంది. హ్యూటర్, ఫోక్‌మన్ అనే ఇద్దరు జర్మన్ సర్జన్ల పేర్లతో పిలిచే సూత్రం ఇది. మావాడి విషయంలో దాని అర్థం నాకు ఒక రాత్రి రెండింటికి తెలిసొచ్చింది. టెండన్ లాగుతున్న ప్రతి రోజూ, వాడు బయటి అంచు మీద దిగుతున్న ప్రతి అడుగూ, ఆ మెత్తటి కాయల ఆకారాన్ని మారుస్తోంది. ఈరోజు పాదం వంకరగా నిలబడుతోంది, అంతే. చేత్తో తిప్పితే తిరుగుతుంది. కొన్నేళ్లు ఇలాగే పోతే ఎముకలే వంకరగా తయారవుతాయి. అప్పుడు టెండన్ మార్చినా చాలదు, ఎముక కొయ్యాలి. నేను అర్ధరాత్రి విప్పిన బ్రేస్ ఒక్క రాత్రికి ఏమీ చెయ్యదు. నిజమే. ఎముక లెక్కపెట్టేది ఒక్క రాత్రిని కాదు.

అలాగని ఇప్పుడే మార్చేద్దామంటే టెండన్‌ని కట్టడానికి ఎముక లేదు.

డిసెంబరులో చెకప్‌కి వెళ్లినప్పుడు నా ప్రశ్నల జాబితా తీశాను. అందులో పెద్దది ఒకటే. ఎదిగే ఎముకకు నడిమధ్యన చిల్లు పెడితే ఆ ఎముక ఎదగడం ఆగిపోదా? డాక్టరుగారు నవ్వలేదు. "మంచి ప్రశ్నే. దానికేగా ఆగుతా ఉండేది" అన్నారు. కాలూ చేతుల్లోని పొడుగు ఎముకలకు చివర్ల దగ్గర గ్రోత్ ప్లేట్ ఉంటుంది, దాన్ని పొడిస్తే ఎముక పొట్టిదో వంకరో అవుతుంది. క్యూనిఫామ్‌కి అలాంటి పలక లేదు. చుట్టూ ఉన్న మెత్తటి భాగమే లోపలి టెంక నుంచి బయటికి కొంచెం కొంచెంగా ఎముకగా మారుతూ వస్తుంది. "టెంక కందిగింజంత ఉన్నప్పుడు తూటు పెడితే మిగిలేదేముంది? మెత్తటి దాంట్లో దారం పెట్టి లాగితే కోసుకుని పోతాది. మైనానికి మేకు కొడితే నిలుస్తాదా? అదే టెంక పెద్దదైతే తూటు చుట్టూ గోడ ఉంటాది. ఎముక తన గాయాన్ని ఎముకతోనే పూడ్చుకుంటాది, టెండన్‌ని లోపలే పెట్టుకుని."

"మరీ ఆగితే?"

"ఆగితే ఎముక గట్టిపడతాది. వంకరతో సహా."

నేను చదివినదాన్ని బట్టి సర్జన్లందరూ ఇక్కడ ఒకే గీత గియ్యరు. కొందరు వయసు చూస్తారు, కొందరు ఎక్స్‌రేలో గింజను చూస్తారు. కొందరు ముందే చేస్తారు, కొందరు నాలుగేళ్లు దాటనిస్తారు. మావాళ్ల సామెత వంచడం గురించి చెప్పింది, అది కరెక్టే. మొదటి వారం నుంచే వంచాలి. మేకు కొట్టడం గురించి ఆ సామెతకు తెలీదు. మొక్కకు మేకు దిగదు, మానుకు వంపు పోదు. మావాడికి ఈ రెండింటి మధ్య ఉన్న వ్యవధి కొద్ది నెలలో, ఏడాదో. ఆ వ్యవధిని నేను మూడు నెలల దొంగతనంతో మొదలుపెట్టాను.

ఆయనకు ఇంకో ప్రశ్న వేశాను. బ్రేస్ సంగతి. రాత్రిళ్లు విప్పేవాణ్ణని నా భార్య పక్కనుండగానే చెప్పాను. ఆమెకు అదే మొదటిసారి వినడం. డాక్టరుగారు ఎక్స్‌రే కవర్లో పెడుతూ, బ్రేస్ సరిగ్గా వేసిన పిల్లల్లో కూడా కొందరికి తిరగబెడుతుందన్నారు. ఆయన మంచితనం కొద్దీ అన్నారు. ఆటోలో ఇంటిదాకా ఆమె మాట్లాడలేదు. తర్వాత చాన్నాళ్లకు ఒకసారి "మీ అమ్మ గ్రహణం అన్నప్పుడు నువ్వేమీ అనలేదు. కారణం నా దగ్గరుంటే నీకు హాయిగా ఉండింది" అంది. దానికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

2021 ఫిబ్రవరిలో ఆపరేషన్. గింజ శనగగింజను దాటింది. గంటంబావు పట్టింది. లోపలి అంచున టెండన్‌ని ఊడదీసి, చీలమండ ముందున్న పట్టీ కిందనుంచే తీసుకొచ్చి, మూడో వేలి వరుసలో ఉన్న ఆ ఎముకలో దింపి, అరికాలి కింద గుండీతో బిగించారు. ఆ పట్టీ కిందనుంచి ఎందుకంటే, లేకపోతే టెండన్ విల్లు తాడులా చర్మం కింద పైకి లేస్తుంది. మూడో వరుసే ఎందుకంటే, ఇంకా బయటికి పోతే ఇదే కండరం ఏళ్ల తరబడి పాదాన్ని అటువైపు లాగుతుంది, ఎముకలు ఆ వంకరకు అలవాటుపడతాయి. ఎముకకు మంచి వంకర, చెడ్డ వంకర తేడా లేదు. తొడ దాకా కట్టు, ఆరు వారాలు నేల మీద కాలు ఆనించకూడదు. మూడేళ్లవాణ్ణి ఆరు వారాలు ఎత్తుకు తిరగడం గురించి వేరే వ్యాసం రాయొచ్చు. అమ్మ ఆ ఆరు వారాలూ మాతోనే ఉంది, కుబ్జ కథ యాభైసార్లు చెప్పింది. వాడి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: కృష్ణుడు గుండీ కుట్టాడా?

మొదటి ఏడాది ఎక్స్‌రేలో ఆ తూటు సన్నటి ఉంగరంలా కనిపించింది. మరో రెండేళ్లకు వెతికినా దొరకలేదు. గింజలు పెద్దవై ఒకదాని పక్కకు ఒకటి చేరి, ఎక్స్‌రేలో ఇప్పుడు పాదం కనిపిస్తోంది. తడి ముద్ర రెండు కాళ్లదీ నిండుగా పడుతుంది. ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి రావాలన్నారు, వెళ్తున్నాం. లాస్ట్ టు ఫాలో అప్ అవ్వకూడదని నాకు కొంచెం మొండితనం కూడా.

పోనివి కొన్ని ఉన్నాయి. కుడి పిక్క సన్నగానే ఉంటుంది. కుడి పాదం చిన్నది. వాడు పాదం పైకెత్తితే ఎడమ చీలమండ దగ్గర టెండన్ లోపలి అంచున లేస్తుంది, కుడివైపు నడిమధ్యలో లేస్తుంది. స్కూల్లో ఇది వాడి గొప్ప. ఐదు రూపాయలకు చూపిస్తున్నాడని టీచర్ కంప్లయింట్.

మొన్న స్కూలు బూట్లు కొనడానికి వెళ్తే షాపులో అబ్బాయి సైజు అడిగాడు. "కుడికి పన్నెండు, ఎడమకి పదమూడు" అన్నాడు మావాడు, చొక్కా సైజు చెప్పినంత మామూలుగా. ఎప్పటిలాగే రెండు జతలు కొన్నాం. మిగిలిన పన్నెండు ఎడమదీ, పదమూడు కుడిదీ ఒకే డబ్బాలో పెట్టి అటకెక్కించింది నా భార్య. ఇలాంటి డబ్బాలు ఇప్పటికి ఐదయ్యాయి, ఒక్కోదాని మీద సైజులు మార్కరుతో రాసి పెట్టింది. ఎడమ పాదం చిన్నదైన పిల్లలెవరైనా ఉంటే చెప్పమని క్లినిక్‌లో అడిగి వచ్చింది.